తర్హేలియా వండని ఏడాది

తర్హేలియా చికైసా బతుకంతా జానెడు బట్టల మధ్యే గడిచింది. బాలయేసు బొమ్మలకు అంగీలు కుట్టడం ఆమె పని. కీటో నగరంలో కొండవాలుకు అంటుకున్నట్టుండే శాన్ హువాన్ పేటలో, మెట్లదారి సగంలో ఆమె గది. ఎవరి మొక్కును బట్టి వాళ్లు తమ ఇంటి బాలయేసుకు వేషం చెప్పేవాళ్లు. ఒకరికి రాజు అంగీ కావాలి, ఇంకొకరికి గొర్రెల కాపరి దుప్పటి. కొడుకు పోలీసు పరీక్ష గట్టెక్కితే పోలీసు బట్టలు కుట్టించే తల్లులూ ఉండేవాళ్లు. వేలెడంత చొక్కాకు ఆవగింజంత గుండీలు నిలబెట్టడంలో తర్హేలియాకు పేటంతా పేరు.

ఆ చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. కళ్లే మొండికేశాయి. కొన్నాళ్లుగా దేన్ని చూసినా పాలమీగడ లోంచి చూసినట్టుండేది. పొద్దున్నే పనిలోకి వెళ్లేముందు తమ్ముడు హెర్మెల్ కొన్ని సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పోయేవాడు. అవి అయిపోతే ఆ రోజుకు పని అయిపోయినట్టే. లేదంటే మెట్లెక్కి పోయే ఎవరినైనా కేకేసి, "కాస్త ఈ దారం ఎక్కించి పోమ్మా" అని అడగాలి. అలా అడగాల్సి వచ్చిన ప్రతిసారీ ఆమెకు ప్రాణం చచ్చిపోయేది.

హెర్మెల్ తాళాలు బాగుచేస్తాడు. భార్య వదిలేసి పోయాక అక్క దగ్గరకొచ్చి ఆరేళ్లయింది. తర్హేలియా పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

"శుక్లాలే. ఆపరేషన్ చేస్తే పోతాయి" అని ఆరోగ్య కేంద్రంలో నర్సు నార్సిసా చెప్పింది. "కానీ షుగరు ఇంత ఉంటే ఆపరేషన్ చెయ్యరు, దోన్యా తర్హేలియా. ఈస్టర్ అయ్యాక పరీక్ష చేస్తాను. అప్పటికి దిగితే మీ పేరు ఆస్పత్రికి పంపుతాను. ఎక్కువ రోజులు ఆలస్యం చేస్తే ఆ శుక్లం గట్టిపడి కష్టమవుతుంది."

క్రిస్మస్ దాటిన దగ్గర్నుంచి తర్హేలియా నోరు కట్టుకుంది. పొద్దున చక్కెర లేని ఓట్స్. మధ్యాహ్నం ఉడికించిన ఆకుకూర, ఇంత కోడిముక్క. రాత్రి నిమ్మగడ్డి నీళ్లు. పొద్దున్నే వాలీబాల్ కోర్టులో షుగరు మనుషులందరికీ డాన్సు పెడతారు. పెద్ద స్పీకరు ముందు, ముసలివాళ్లంతా చేతులూపుతూ అటో అడుగు ఇటో అడుగు వేయాలి. తర్హేలియాకు జనంలో చేతులెత్తాలంటేనే సిగ్గు. అయినా వెనక వరసలో, గోడకు దగ్గరగా నిలబడి ఆడేది. ఆడి ఇంటికొచ్చి మంచం మీద కూలబడి, కాసేపు ఏమీ చేయలేక పైకప్పు వైపు చూస్తూ పడుకునేది. ఆకలి కంటే, ప్రతి పూటా మళ్లీ అదే గిన్నె ముందు కూర్చోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఈస్టర్‌కు ముందొచ్చే పవిత్ర వారం దగ్గరపడింది. ఆ వారం ఫానెస్కా అనే చిక్కటి పులుసు వండని ఇల్లు పేటలో ఉండదు. అపొస్తలులు పన్నెండుమంది కాబట్టి పన్నెండు రకాల గింజలు, రెండు రకాల గుమ్మడి, పాలు, మీగడ, వేరుశనగ ముద్ద, ఎండు చేప, అన్నీ పడాలి. పైన ఉడికిన గుడ్డు, వేయించిన అరటిముక్కలు, చిన్న చిన్న కజ్జికాయలు. కిందటేడు దాకా తర్హేలియా కూడా పెద్ద బాన నిండా వండి ఇల్లిల్లూ పంచింది. ఈసారి బాగా ఆలోచించింది. పొయ్యి మీద బాన లేకపోతే ఇంట్లో ఫానెస్కా ఉండదు, ఇంట్లో లేకపోతే నోట్లోకి పోదు. ఇంతే కదా అనుకుంది.

బుధవారం లాస్తేనియా ఇంటి వసారాలో ఆడవాళ్లంతా చేరి గింజల తొక్కలు తీస్తున్నారు. లాస్తేనియా కొడుక్కి జ్ఞానస్నానం చేయించినప్పుడు తర్హేలియాయే జ్ఞానతల్లిగా నిలబడింది. అప్పటి నుంచి ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. చిక్కుడు గింజ తొక్క తీయడానికి కళ్లక్కర్లేదు, గోరు చాలు. తర్హేలియా తలెత్తకుండా తీస్తూనే మెల్లగా చెప్పింది.

"ఈ ఏడు నేను వండట్లేదు."

చేతులన్నీ ఆగిపోయాయి.

"వండట్లేదా? ఎవరైనా పోయారా ఏంటి?" అంది లాస్తేనియా.

"ఎవరూ పోలేదు. షుగరు."

"షుగరొస్తే వండటం మానేస్తారా ఎవరైనా? మా అమ్మకు కాలు తీసేసిన ఏడాది కూడా కుర్చీలో కూర్చుని బాన తిప్పింది!"

"అందుకే ఆ రెండో కాలు కూడా పోయింది" అని మూలనుంచి ఒకావిడ అనగానే అందరూ నవ్వారు. తర్హేలియా కూడా నవ్వింది. ఆ మాట అంతటితో పోయిందనుకుంది. కానీ తను లేచి వస్తుంటే వెనక నుంచి గుసగుస వినపడింది.

"హెర్మెల్‌కు పని దొరకట్లేదేమో పాపం. షుగరని చెప్తోంది గానీ."

గురువారం మధ్యాహ్నానికి మొదటి గిన్నె వచ్చింది.

మామూలు ఏడాదుల్లో గిన్నె పోతే గిన్నె వస్తుంది. పంపిందానికీ వచ్చినదానికీ సరిపోతుంది. ఒక్కో ఇంటిది ఒక్కో చెంచా రుచి చూసి, ఎవరి చేతిలో ఉప్పెక్కువో, ఎవరు చేపను సరిగా నానబెట్టలేదో చెప్పుకుంటూ నవ్వుకుంటారు. ఈసారి వీళ్లింట్లో పొయ్యి వెలగలేదన్న వార్త మెట్లకు పైనా కిందా పాకింది. ఎప్పుడూ చిన్న గిన్నె పంపేవాళ్లు పెద్ద గిన్నె పంపారు. ఎప్పుడూ పంపనివాళ్లు కూడా పంపారు. ఒకరి గిన్నె మీద అరటిముక్కలు రెండు పొరలు. ఇంకొకరు బెల్లం పాకంలో ఊరిన అంజూర పళ్లు, మీద చీజ్ ముక్క పెట్టి, "పిల్లలు లేని ఇల్లు, తియ్యగా ఉండాలి" అని ఇచ్చిపోయారు. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఆ పేటలో ఎవరూ చేయరు. తర్హేలియా ఒక్కో గిన్నెలో రెండేసి గుడ్లు పెట్టి ఇచ్చింది. ఆ గుడ్లు చూసి జనానికి ఇంకా జాలి ఎక్కువైంది.

లాస్తేనియా అయితే స్వయంగా తెచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"నా ఎదురుగా ఒక్క చెంచా తిను వదినా. నీకోసం చోచో గింజలన్నీ చేత్తో తొక్క తీశాను."

"సాయంత్రం తింటానులే."

"సాయంత్రం మెల్లగా గిన్నెలు కడిగే కుండీలో పోస్తావు, నాకు తెలీదా. తిను."

తిన్నది. పాలూ వేరుశనగా గుమ్మడీ కలిసి గొంతులోకి జారగానే, నెలల తరబడి ఉడికించిన ఆకులు తిన్న నోరు ఒక్కసారి మేలుకుంది. లాస్తేనియా వెళ్లిపోయింది. చెంచా మాత్రం ఆగలేదు.

శుక్రవారం ఉపవాసం. మాంసం ముట్టకూడదు. ఫానెస్కాలో ఉండేది ఎండు చేపే కాబట్టి అది ఉపవాసం కిందికే వస్తుందని అందరూ ఒప్పుకున్న మాట. పాలతో వండింది కాబట్టి నిలవుండదు. పారబోద్దామంటే చనిపోయిన యేసు బొమ్మ ఊరేగే రోజున అన్నం పారబోసే ధైర్యం ఆమెకు లేదు. హెర్మెల్ తిన్నంత తిన్నాడు. మిగతాది ఆమె తిన్నది. కిటికీ దగ్గర నిలబడి, ఊరేగింపు డప్పులు వింటూ, చల్లబడిపోయిన గిన్నె చేత్తో పట్టుకుని తిన్నది.

"అక్కా, రేపట్నుంచి మళ్లీ ఆకులేనా?" అన్నాడు హెర్మెల్.

"రేపట్నుంచే."

కానీ శనివారం పొద్దున లేవగానే ఒళ్లంతా సీసం పోసినట్టుంది. నోరెండిపోయింది. కుండీ పక్కన ఇంకా రెండు గిన్నెలున్నాయి. ఎలాగూ పత్యం పాడైంది, ఇవాళ తింటే మాత్రం కొత్తగా పాడయ్యేదేముంది అనుకుంది. ఆదివారం ఈస్టర్ కాబట్టి రొట్టె. సోమవారం డాన్సుకు పోలేదు. కోర్టులో స్పీకరు మోగుతుంటే కిటికీ మూసేసింది. ఆ పాట గోడల్లోంచి కూడా వినపడింది. ఎవరు ముందు వరసలో ఉన్నారో, ఎవరు తప్పటడుగు వేస్తున్నారో పడుకునే ఊహించుకోగలదు. మంగళవారం హెర్మెల్ తెచ్చిన తీపి రొట్టె తిన్నది. బుధవారం తనే వెళ్లి కొనుక్కుంది. తింటున్నప్పుడు రుచిగానే ఉండేది. తిన్న తర్వాత దేనిమీదా మనసుండేది కాదు.

పరీక్ష రోజు ఆరోగ్య కేంద్రం బెంచీల మీద పేట షుగరంతా కూర్చుంది. ఎవరి మొహంలో చూసినా అదే దొంగచూపు. నార్సిసా ఒక్కొక్కరి వేలు పొడిచి, సంఖ్య చూసి, తలెత్తి మొహం చూస్తోంది.

"ఎన్ని గిన్నెలు, దోన్ రోసేందో?"

"ఒక్కటే నర్సమ్మా. అమ్మతోడు."

"మీరో?"

"ఒక్కటే. అదీ సగం."

"ఈ పేటలో మనిషికో గిన్నె అయితే, మరి వండిన బానలన్నీ ఎవరు తిన్నారు? అపొస్తలులొచ్చి తిన్నారా?"

బెంచీలన్నీ పగలబడి నవ్వాయి. తర్హేలియా నవ్వలేదు. తన వంతు వచ్చినప్పుడు నార్సిసా అడక్కముందే తనే చెప్పేసింది.

"అందరివీ తిన్నాను. తర్వాత వారం కూడా తిన్నాను."

నర్సు కాసేపు ఆమె వేలు పట్టుకునే ఉంది. ఆ వేలు మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలు చాలా ఉన్నాయి.

"ఈసారికి పంపలేను, దోన్యా. వాళ్లు వెనక్కి తిప్పేస్తారు. మే నెలాఖరుకు మళ్లీ రండి. మళ్లీ మొదట్నుంచి."

"మళ్లీ మొదట్నుంచి" అని తర్హేలియా కూడా అంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర దోన్యా ఎలోయిసా కూర్చుని ఉంది. పాత ఖాతాదారు. ఒళ్లో గుడ్డలో చుట్టిన బాలయేసు. ఈస్టర్ వారంలో తర్హేలియా కుట్టిచ్చిన ఊదా అంగీ వేసి ఉంది.

"ఏం లేదమ్మా" అంది ఎలోయిసా మొహమాటంగా. "ఓ చెయ్యి ఊదా, ఓ చెయ్యి నీలం కుట్టావు. మా మనవరాలు చూసి నవ్వింది. బాలయేసుకు ఇలాంటివేం పట్టవనుకో. కానీ పూజకు పదిమంది వస్తారు కదా..."

తర్హేలియా అంగీని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. తిప్పి చూసింది. రెండు చేతులూ ఆమెకు ఒకేలా కనిపించాయి.

"నేను సరిచేస్తాను. ఊరికే."

"ఊరికే ఎందుకు. పర్లేదులే, ఇంకెవరితోనైనా చేయించుకుంటాను" అని నోరు జారి, వెంటనే, "అంటే, నీకు శ్రమెందుకని" అంది ఎలోయిసా.

ఆ సాయంత్రం హెర్మెల్ వచ్చి, పొయ్యి మీద ఆకుకూర ఉడుకుతుండటం చూసి మూలిగాడు.

"వచ్చిందయ్యా మళ్లీ గడ్డి."

"నువ్వు బయట తిని రా. తీపి రొట్టె మాత్రం ఇంట్లోకి తేకు."

"కోపమా?"

"కోపం లేదు. ఓపిక లేదు. తేకు."

మర్నాడు కోర్టుకు డాన్సుకు వెళ్లింది. "వచ్చావా, చచ్చావనుకున్నాం" అన్నాడు దోన్ రోసేందో పక్క వరసలోంచి. "నిన్ను సాగనంపకుండా ఎక్కడికి పోతాను" అంది. అంతమందిలో గట్టిగా మాట్లాడటం ఆమెకే వింతగా అనిపించి, మిగతా పాటంతా నేలచూపులతోనే ఆడింది.

తిండి దారిలో పెట్టడం ఒక లెక్కన చేతనయ్యింది. చేతకానిది గిన్నెలు. ఫానెస్కా అయిపోయినా గిన్నెలు ఆగలేదు. ఆ ఇంట్లో ఇబ్బందిగా ఉందని పేట ఒకసారి నిర్ణయించుకుంది. ఆదివారం లాస్తేనియా బంగాళాదుంపల పులుసు పంపేది. ఎవరింట్లోనో జ్ఞానస్నానమైతే పందిమాంసంతో పాటు కేకుముక్క వచ్చేది. ప్రతి గిన్నె దగ్గరా తర్హేలియా కాసేపు నిలబడేది. ఒకసారి సగం తిని, నోట్లో ఉన్నది కూడా కుండీలో ఉమ్మేసింది. ఇంకోసారి ఉమ్మలేకపోయింది.

చివరకు ఓ ఆదివారం, గిన్నె రాకముందే తనే లాస్తేనియా ఇంటికి వెళ్లింది. దారిలో చెప్పాల్సిన మాటలు తయారుచేసుకుంది. వంటింట్లో లాస్తేనియా వీపు చూడగానే అవన్నీ పోయాయి.

"వదినా, ఇక నాకేం పంపకు."

లాస్తేనియా గరిటెతో సహా తిరిగింది.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?"

"కాదు. నువ్వు పంపితే నేను తింటాను. ఆపుకోలేను. షుగరు దిగకపోతే కళ్లకు ఆపరేషన్ చెయ్యరు. మొన్న ఎలోయిసా అంగీకి రెండు రంగుల చేతులు కుట్టాను."

"నేనేం నోట్లో కుక్కానా?"

"కుక్కావు. గుమ్మంలో నిలబడి."

అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది ఆ మాట. లాస్తేనియా మొహం ఎర్రబడింది.

"పిల్లాడి పుట్టినరోజుకు నాకంటే ముందు నీకు వడ్డిస్తానే నేను. నీ ఇంట్లో బాన లేదని, అందరి దగ్గరా తల దించుకోకూడదని, పెద్ద గిన్నె తెచ్చాను. ఇవాళ నా చేతి తిండి నీకు విషమైందా?"

"విషం కాదు..."

"విషమనే అంటున్నావు. సరే. నా గిన్నెలేమైనా ఉంటే పంపించెయ్. గుడ్లు పెట్టక్కర్లేదు."

తర్హేలియా ఏడవకుండానే మెట్లు దిగింది. ఆ ఆదివారం గిన్నె రాలేదు. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. కావాలన్నది అదే. కానీ మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి చెవి మెట్ల వైపే ఉండేది. లాస్తేనియా కిందికి దిగుతూ ఈ గుమ్మం ముందు అడుగు వేగం పెంచేది. తర్హేలియా ఆ అడుగు గుర్తుపట్టి, సూది ఆపి, అది దాటిపోయేదాకా కూర్చునేది.

"అక్కా, షుగరు తగ్గించుకోమన్నారు గానీ మనుషుల్ని తగ్గించుకోమనలేదుగా" అన్నాడు హెర్మెల్ ఒకరోజు.

"నీ సంపాదనతో ఇద్దరం బతుకుతామంటే మనుషుల్నే ఉంచుకుంటాలే."

హెర్మెల్ దారాలెక్కించాడు.

రోజులు ఒకదాని వెంట ఒకటి ఉడికించిన ఆకుల్లాగే గడిచాయి. ఒంట్లో ఉత్సాహమేం రాలేదు. అందరూ చెప్పే తేలికదనం ఆమెకు తెలియలేదు. రాత్రిళ్లు దాహం తగ్గింది, అంతే. కొత్త అంగీలు చేతికి తీసుకోలేదు. తెల్లబట్ట, తెల్లదారం పనులు మాత్రం చేసింది. వాటిలో రంగు తప్పు పోయే వీల్లేదు.

మే నెలాఖరున నార్సిసా సంఖ్య చూసింది. ఇంకోసారి చూసింది.

"దిగింది, దోన్యా. బొటాబొటీగా, కానీ దిగింది. పేరు పంపుతున్నాను. జూలైలో పిలుస్తారు. తోడు ఒకరుండాలి. అప్పటిదాకా ఇలాగే ఉండండి."

"ఆపరేషన్ అయ్యాక?"

"అయ్యాకా ఇలాగే."

"ఎప్పటిదాకా?"

నర్సు ఆమె చేతిలో దూది పెట్టి వేలు మూసింది.

సంతోషించాలి కదా అనుకుంటూ తర్హేలియా మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఇంటికి ఇంకా సగం దారి ఉండగానే ఆగిపోయింది. పక్కకు ఒరిగి మెట్టు మీద కూర్చుంది. కింద ఊరంతా మసకమసకగా ఉంది. చర్చి గోపురాలు పొగలో నిలబెట్టినట్టున్నాయి.

పైనుంచి అడుగులు వినపడ్డాయి. ఆ అడుగులు ఆమెకు తెలుసు. ఈసారి వేగం పెరగలేదు. దాటిపోయి, నాలుగు మెట్లు దిగి, ఆగి, మళ్లీ వెనక్కి ఎక్కాయి.

"కళ్లు తిరుగుతున్నాయా?" అంది లాస్తేనియా, ఎటో చూస్తూ.

"లేదు. అలిసిపోయాను."

"పరీక్షకేనా వెళ్లింది?"

"ఊఁ. దిగింది. జూలైలో పిలుస్తారట."

లాస్తేనియా మూలుగుతూ పక్కనే కూర్చుంది.

"తోడెవరు?"

"హెర్మెల్."

"వాడా? వాడు ఆస్పత్రి బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతాడు. నీ బదులు ఇంకెవరి కళ్లు కోసినా వాడికి తెలీదు. నేనొస్తాను."

"కోపం పోయిందా?"

"పోలేదు. కోపంతోనే వస్తాను."

తర్హేలియాకు నవ్వొచ్చింది. కానీ నవ్వడానికి కూడా ఓపిక లేక, కళ్లు మూసుకుని గోడకు తల ఆనించింది. గాలి తిరిగింది. అప్పుడే కాల్చిన రొట్టెల వాసన, వేడిగా, వెన్నతో, లాస్తేనియా చేతి సంచిలోంచి వచ్చి ముక్కుకు తగిలింది.

లాస్తేనియా చేయి అలవాటుగా సంచిలోకి పోయింది. సగంలో ఆగింది. ఆమె సంచి మూతి ముడేసి, ఎత్తి, తనకు అవతలి పక్కన పెట్టుకుంది.

"లేస్తావా?"

"కాసేపాగు వదినా."

"నాకేం తొందర" అంది లాస్తేనియా.